ఐదేళ్ల వాడకం తర్వాత సమీక్ష: ఛార్జింగ్ అడుగంటినా హైబర్నేట్ కాని ల్యాప్‌టాప్

మిషన్ వివరాలు ముందు. 15.6 అంగుళాల తెర, 8 జీబీతో కొని తర్వాత ఇంకో 8 వేయించిన ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, మూడు సెల్లుల 42 వాట్-అవర్ బ్యాటరీ, విండోస్ 11. హనుమకొండలో ఐదేళ్లుగా రోజూ వాడకం. కీబోర్డు మీద అక్షరాలు చెరగలేదు, హింజీలు వదులు కాలేదు, ఫ్యానుకు ఏడాదికోసారి దుమ్ము దులిపితే చాలు. మార్కులు కోసేది ఒక్కదానికే. ఛార్జింగ్ 5 శాతానికి దిగినప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసుకుని ఆగాల్సిన (హైబర్నేట్ అంటే ఇదే) మిషన్, మూడో ఏడు నుంచి, పాత బ్యాటరీ ఉన్నన్నాళ్లూ, ఏమీ రాయకుండానే టప్పున ఆరిపోయేది. మళ్లీ బటన్ నొక్కితే కంపెనీ గుర్తు, కొత్తగా బూటింగ్. సేవ్ చేయని ఎక్సెల్ షీటు పాయె.

ఈ జబ్బుకు దుకాణంలో మొదట రాసే మందు "ఫార్మాట్ కొడదాం". అది పని చేయకపోతే "బోర్డు ప్రాబ్లం సార్". చాలావరకు రెండూ అక్కర్లేదు. హైబర్నేట్ అయితలేదు అన్న ఒక్క మాట కింద మూడు వేరువేరు తప్పులు దాక్కుంటాయి. బ్యాటరీ శాతం అబద్ధం చెప్పడం ఒకటి, రాసుకునే ఫైలు చాలకపోవడం ఒకటి, నిద్రలో ఉన్న మిషన్ లేవకుండానే చచ్చిపోవడం ఇంకొకటి. ఏది తగిలిందో తేల్చకుండా సెట్టింగులు గెలికితే రోజులు గడుస్తాయి తప్ప ఫలితముండదు.

తేల్చే చోటు ఈవెంట్ వ్యూయర్, అంటే మిషన్‌లో జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టుకునే చిట్టా. అందులో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిచి, కెర్నల్-పవర్ పేరుతో ఉన్న వరసలు, వాటి ఈవెంట్ ఐడీ అంకెలు చూడాలి. 524 అంటే బ్యాటరీ క్రిటికల్ గీత (హైబర్నేట్ మొదలవ్వాల్సిన శాతం, ఇక్కడ 5) దాటిందని విండోస్ గుర్తించింది. 42 అంటే నిద్రకో హైబర్నేట్‌కో బయల్దేరింది. 41 అంటే అంతకుముందు సరిగా ఆగకుండానే మళ్లీ ఆన్ అయింది. ఉత్త 41 ఉండి 524 లేకపోతే, గీత దాకా రాకముందే బ్యాటరీ చేతులెత్తేసింది. 524, వెంటనే 42, తర్వాత 41 ఉంటే బయల్దేరింది గానీ రాత పూర్తి కాలేదు. ఎప్పుడో మూత మూసిన వేళకు 42 ఉండి, గంటల తర్వాత 41 ఉంటే నిద్రలోనే పోయింది. ఒక్కోసారి చివరి వరస డిస్కుకు చేరకముందే కరెంటు తెగిపోతుంది కాబట్టి, ఒక్కసారి చూసి తీర్పు చెప్పొద్దు. మూడు సార్లు ఆరిపోయిన తేదీలు పట్టుకుని చూడాలి. ఈ మిషన్‌లో ఎక్కువసార్లు కనిపించింది ఉత్త 41.

అంటే తప్పు బ్యాటరీ లెక్కలో ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్' కొడితే ఒక పేజీ తయారవుతుంది. ఇక్కడి కమాండ్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, పవర్ పక్కన ఖాళీ లేకుండా సీ, ఎఫ్, జీ. ఆ పేజీలో డిజైన్ కెపాసిటీ 42,000 మిల్లీవాట్-అవర్లు, అప్పటి ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 24,100. మిగిలింది 57 శాతం. బ్యాకప్ తగ్గడం వరకు ఇది మామూలే. అసలు గొడవ చివరి శాతాల్లో ఉంది. మే నెల మధ్యాహ్నం, గదిలో 38 డిగ్రీల వేడిలో ప్లగ్గు తీసి చూస్తే 19, 18, 17 అని నిమిషానికొకటి చొప్పున దిగింది. 13 దగ్గర రెండు నిమిషాలు కదలకుండా కూర్చుంది. ఒక్కసారే 7 చూపించింది. ఆ 7ను చదివేలోపే తెర నల్లబడింది.

కారణం ఇదీ. మూడు సెల్లులు వరసగా కలిసి ఉంటాయి, వాటిలో బలహీనమైనదే ముందు కూలుతుంది. పాతబడిన సెల్లులో లోపలి నిరోధం పెరుగుతుంది, లోడు పడగానే వోల్టేజీ జారుతుంది. సెల్లుకు 3 వోల్టుల చుట్టుపక్కలకు రాగానే బ్యాటరీలోని రక్షణ బోర్డు సరఫరా కోసేస్తుంది. దానికి విండోస్ చూపించే శాతంతో పని లేదు. పైగా హైబర్నేట్ మొదలవగానే ర్యామ్‌ను కుదించడానికి ప్రాసెసర్, రాయడానికి ఎస్‌ఎస్‌డీ రెండూ గట్టిగా పని చేస్తాయి, అంటే సరిగ్గా అవసాన దశలోనే లోడు పెరుగుతుంది. నిజానికి ఆ పనికి కావల్సిన కరెంటు చాలా తక్కువ. 15 వాట్ల చొప్పున 20 సెకన్లకు 0.08 వాట్-అవర్, మిగిలిన కెపాసిటీలో ఒక శాతమంటే 0.24. శాతంలో మూడో వంతు చాలన్నమాట. 5 శాతం తక్కువై కాదు, ఆ 5 శాతం అసలు లేకనే ఆరిపోయేది.

కాబట్టి గీతను పైకి జరపాలి. ఎక్కడ శాతం దూకుతుందో చూసి దానికి 5 కలపాలి. ఇక్కడ దూకింది 13 దగ్గర, పెట్టింది 18. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, బ్యాటరీ. ముందు లో బ్యాటరీ లెవెల్ 25, తర్వాత రిజర్వ్ 20, చివరకు క్రిటికల్ 18. క్రిటికల్ బ్యాటరీ యాక్షన్ దగ్గర ఆన్ బ్యాటరీకి హైబర్నేట్. ఈ అంకెలు ఏ ప్లాన్‌కు ఆ ప్లాన్‌వే. కంపెనీ యాప్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ నొక్కితే ప్లాన్ మారి మళ్లీ 5కే వచ్చి కూర్చుంటుంది. రెండు నెలలు సక్కగా పని చేసి మళ్లీ మొదటికొచ్చిన మిషన్‌లో ముందు చూడాల్సింది ఇదే. ఇంకో ప్లాన్ ఉంటే దానిలోనూ ఇవే అంకెలు పెట్టాలి.

పని చేస్తుందో లేదో చూడటానికి బ్యాటరీని అడుగుదాకా తోడనక్కర్లేదు. క్రిటికల్‌ను కాసేపు 60కి, లో లెవెల్‌ను 70కి పెట్టి, 63 శాతం దగ్గర ప్లగ్గు తీసి ఊరుకోండి. 60 తాకగానే మిషన్ తనంతట తానే హైబర్నేట్ కావాలి. అయితే ట్రిగ్గర్, రాత రెండూ బాగున్నట్టే, ఇగ మిగిలింది బ్యాటరీ లెక్కే. ఈ పరీక్ష మాత్రం అన్నీ సేవ్ చేసుకున్నాకే.

60 దగ్గర కూడా కాకపోతే రెండో తప్పు వైపు చూడాలి. 'షట్‌డౌన్ /హెచ్' కొట్టి చేత్తో హైబర్నేట్ చేయించి చూడండి. తెర ఆరి, వెంటనే లాక్ స్క్రీన్ తిరిగొచ్చినా, నీలి తెర మీద ఇంటర్నల్ పవర్ ఎర్రర్ పడినా అనుమానం హైబర్‌ఫిల్ డాట్ సిస్ మీదే. సీ డ్రైవులో దాగి ఉండే ఈ ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం సైజుతో ఉంటుంది. 16 జీబీకి 6.4 జీబీ. బ్రౌజర్‌లో నలభై ట్యాబులు, పక్కన వర్చువల్ మిషన్ ఒకటి ఉంటే కుదించినా అందులో పట్టకపోవచ్చు. 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ /సైజ్ 75' కొడితే 12 జీబీ అవుతుంది, ఇక్కడ అది చాలింది. సీ డ్రైవులో అంత ఖాళీ ఉండాలి మరి. స్థలం కోసమని ఎవరో ఈ ఫైలును రెడ్యూస్‌డ్ రకానికి మార్చి ఉండొచ్చు కూడా. అప్పుడు ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ చేశాక మిషన్ త్వరగా ఆన్ అయ్యే ఏర్పాటు) మాత్రమే పని చేస్తుంది, హైబర్నేట్ ఉండదు. 'పవర్‌సీఎఫ్‌జీ /ఏ' కొడితే ఏ నిద్రలు దొరుకుతాయో, దొరకనివి ఎందుకు దొరకవో చెప్తుంది. ఫార్మాట్ కొట్టాక గ్రాఫిక్స్ డ్రైవర్ వేయకుండా ఇచ్చిన మిషన్లలో స్లీప్ పోతుంది, కొన్నింట్లో హైబర్నేట్ కూడా. ఫార్మాట్‌తో జబ్బు ముదిరేది ఇట్లనే.

మూడోది సంచిలో జరిగే సావు. 9 శాతం ఛార్జింగ్‌తో మూత మూసి, కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో తెరిస్తే ఏమీ ఉండదు. పాత తరహా ఎస్3 నిద్రలో విండోస్ నడవదు. బ్యాటరీ అడుగంటిందని మిషన్‌ను లేపాల్సింది బోర్డు మీది కంట్రోలర్. అది లేపకపోతే అంతే సంగతి. మోడరన్ స్టాండ్‌బై ఉన్న మిషన్లలో విండోస్ సగం మేలుకునే ఉంటుంది కాబట్టి ఛార్జింగ్ ఇంకా తొందరగా కరుగుతుంది, సంచి వేడెక్కుతుంది. రెండింటికీ ఒకటే మందు, 'పవర్‌సీఎఫ్‌జీ /చేంజ్ హైబర్నేట్-టైమౌట్-డీసీ 30'. నిద్రలో అరగంట దాటితే డిస్కుకు రాసుకుని పూర్తిగా ఆగుతుంది. ప్రయాణాలు ఎక్కువున్నవాళ్లు మూత మూస్తేనే హైబర్నేట్ అయ్యేలా పెట్టుకోవడం ఇంకా మేలు. లేవడానికి రెండు సెకన్ల బదులు పదిహేను పడతాయి, గంతే. ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం ఉత్తదే. రోజుకు రెండుసార్లు ఆరేసి జీబీ రాసినా ఏడాదికి నాలుగు టీబీ చిల్లర. 512 జీబీ డ్రైవుకు కంపెనీలు మామూలుగా 150 టీబీ చుట్టూ, ఆపైనే హామీ ఇస్తాయి.

లెక్క తప్పడానికి మన వాడకం కూడా కొంత కారణం. రోజంతా ప్లగ్గులోనే ఉంచి 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ పెట్టుకుంటే సెల్లులకు మంచిదే, మన ఎండలకు మరీ మంచిది. వేడి, నిండు ఛార్జింగ్ రెండూ కలిస్తే లిథియం సెల్లు ఇంకా తొందరగా ముసలిదవుతుంది. కానీ పూర్తి పైనా, పూర్తి కిందా చూడని మీటరుకు, అంటే శాతం లెక్కగట్టే బ్యాటరీలోని చిప్పుకు, లెక్క దారి తప్పుతుంది. మూడు నెలలకోసారి ఆ పరిమితి తీసి 100కు నింపి, రెండు గంటలు అట్లనే ఉంచి, మామూలు పనితో హైబర్నేట్ అయ్యేదాకా వాడి, కాసేపు ఆరనిచ్చి, మధ్యలో తీయకుండా మళ్లీ 100కు ఎక్కించాలి. గాలిదుమారం లేచి కరెంటు పోయొచ్చే సాయంత్రాలు ఈ పని పెట్టుకోవద్దు, ఇన్వర్టర్ ఉంటే సరే. ఈ కాలిబ్రేషన్ (మీటరు లెక్క సరిచేయడం) తర్వాత ఇక్కడ ఆ దూకుడు 13 నుంచి 10కి దిగింది, పూర్తిగా పోలేదు. అరిగిన సెల్లును మీటరు బాగు చేయదు కదా.

ఉబుంటు వాడేవాళ్లకు రెండు మాటలు. అక్కడ హైబర్నేట్ మొదట్నుంచే కట్టేసి ఉంటుంది. ర్యామ్ కంటే తక్కువ కాని స్వాప్ (ర్యామ్‌లోది దించుకునే చోటు) డిస్కు మీద ఉండాలి, ర్యామ్‌లోనే ఉండే జెడ్-ర్యామ్ స్వాప్ పనికిరాదు, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నలే ఒప్పుకోదు. గీత యూపవర్ డాట్ కాన్ఫ్ ఫైలులో పర్సంటేజ్‌యాక్షన్ దగ్గర ఉంటుంది, మామూలుగా 2. పాత బ్యాటరీకి 2 అంటే లేనట్టే లెక్క.

నాలుగో ఏడు చివర్లో బ్యాటరీ మార్పించాల్సి వచ్చింది. కొనేటప్పుడు మోడల్ పేరు చెప్పి ఊరుకోవద్దు. పాతదాని స్టిక్కరు మీది పార్ట్ నంబరు, వోల్టేజీ, వాట్-అవర్లు మూడూ కలవాలి. బిగించాక దుకాణంలోనే బ్యాటరీరిపోర్ట్ తీయించి, సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు ఛార్జింగ్ నిండి ఖాళీ అయిందో), రెండు కెపాసిటీ అంకెలు చూసుకున్నాకే డబ్బులివ్వాలి. డిజైన్ 42,000 ఉండి ఫుల్ ఛార్జ్ 30,000 చూపిస్తే అది కొత్తది కాదు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే మాత్రం పైన చెప్పిన లెక్కలేవీ వద్దు, బ్యాటరీ ఉబ్బింది. ఆ రోజే ఆపి తీయించాలి. కొత్త బ్యాటరీతో క్రిటికల్ గీత 8కి దించినా హైబర్నేట్ ఒక్కసారీ తప్పలేదు. అరగంట టైమౌట్‌ను మాత్రం కదపలేదు, ఎందుకంటే నిద్రలో లేవకపోవడం ఈ బోర్డు గుణం, బ్యాటరీ మార్చినా అది మారలేదు. ఆ ఒక్కదానికి ఐదులో ఒక మార్కు కోత అట్లనే ఉంటుంది.