పచ్చిక మట్టిలో శిలీంధ్రాల లెక్క: పవర్‌సాయిల్ ప్రో కిట్ ఎంతవరకు పనికొస్తుంది?

ఒకే గడ్డి జాతిలో జన్యురకాలు (జన్యువుల్లో తేడా ఉన్న మొక్కలు) పెరిగితే కింద మట్టిలోని శిలీంధ్రాలు మారతాయా? ఈ ప్రశ్న పట్టుకున్నవాళ్లు తరచుగా వాడేది క్వయాజెన్ వారి డీనీజీ పవర్‌సాయిల్ ప్రో. మట్టి నుంచి శుభ్రమైన డీఎన్‌ఏ తీయడంలో ఇది నిజంగా మంచి కిట్. కాకపోతే ట్యూబులో పట్టేది 250 మిల్లీగ్రాముల మట్టి, అంటే చిటికెడు. మడి మొత్తం తరఫున మాట్లాడాల్సింది ఆ చిటికెడే.

శిలీంధ్రాలు మట్టిలో సమానంగా పరుచుకుని ఉండవు. శిలీంధ్రపు లావుపాటి పోగు ఒకటి ట్యూబులో పడిందంటే సీక్వెన్సుల్లో (చదివిన డీఎన్‌ఏ వరుసల్లో) సగం దానివే అవుతాయి. జన్యురకాల ప్రభావం చాలాసార్లు సన్నగా ఉంటుంది. తేమ, పీహెచ్ తేడాల్లో ఇట్టే కలిసిపోతుంది. అందుకే ఒక్కో మడిలో ఎనిమిది పది చోట్ల మట్టి తీసి, 2 మి.మీ. జల్లెడ పట్టి, బాగా కలిపి, రెండు మూడు ట్యూబుల్లో విడివిడిగా డీఎన్‌ఏ తీసి ఆ తర్వాత కలపాలి. ఒక మడి మట్టిని ఇంకో మడి మట్టితో మాత్రం కలపకండి. పునరావృతాలు (ఒకే రకంగా నాటిన వేర్వేరు మడులు) పోయాక గణాంకాలు ఏమీ చేయలేవు.

ఇక పని. మట్టి మీద కణాలను పగలగొట్టే కిట్ ద్రావణం సీడీ1ని 800 మైక్రోలీటర్లు పోసి, పూర్తి వేగంతో 10 నిమిషాలు వోర్టెక్స్ చేయాలి (యంత్రం మీద గట్టిగా కుదపాలి). ఒకేసారి 12 ట్యూబులు దాటితే ఇంకో 5–10 నిమిషాలు పెంచాలి. తొందరపడితే గట్టి గోడల శిలీంధ్రాలు పగలవు, లెక్కలోకి రావు. మలినాలను అడుగుకు దించే సీడీ2 వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక అడుగున గోధుమరంగు ముద్ద కడుతుంది. హ్యూమిక్ పదార్థాలు (కుళ్లిన మొక్కల నుంచి వచ్చే ముదురురంగు పదార్థాలు) అందులోనే ఉంటాయి. పిప్పెట్ మొన దానికి తగలకూడదు, పైద్రవం కాస్త మిగిలిపోయినా పర్వాలేదు. చివర్లో వచ్చిన డీఎన్‌ఏకి టీ నీళ్ల రంగు ఉంటే పీసీఆర్ (డీఎన్‌ఏకి నకళ్లు తీసి పెంచే పని) మొరాయిస్తుంది. పదింతలు పలచన చేసి చూడండి. ఆల్కహాల్ ఉన్న కడుగు ద్రావణం సీ5 తర్వాత, డీఎన్‌ఏ అంటుకున్న కాలమ్‌ని (వడపోత గొట్టం) ద్రవమేమీ పోయకుండా అలాగే ఉన్న ఆ కాలమ్‌ని మరోసారి తిప్పే దశను వదిలేస్తే ఆల్కహాల్ మిగిలి అదే తంటా తెస్తుంది.

కిట్ చేయలేని పని ఒకటుంది: చచ్చిన శిలీంధ్రాల డీఎన్‌ఏని బతికున్నవాటి నుంచి వేరుచేయలేదు. ఎప్పుడో పోయిన మొక్కల తాలూకు జాడలు కూడా ఫలితాల్లోకి వస్తాయి. కొత్తగా నాటిన మడుల్లో మొదటి ఏడాది తేడా కనిపించలేదంటే దీన్నీ అనుమానించాలి.

ఆర్బస్క్యులార్ మైకోరైజాలే (వేళ్లలో చేరి మొక్కతో సహజీవనం చేసే శిలీంధ్రాలు) ముఖ్యమైతే ఐటీఎస్ ప్రైమర్ల (శిలీంధ్రాలను గుర్తించడానికి మామూలుగా వాడే డీఎన్‌ఏ భాగాన్ని పట్టే చిన్న ముక్కలు) మీదే ఆధారపడొద్దు, ఈ మైకోరైజాలను అవి తక్కువ చేసి చూపిస్తాయి. అదే డీఎన్‌ఏలో వాండా, ఏఎంఎల్2 ప్రైమర్లతో 18ఎస్ అనే మరో జన్యు భాగాన్ని కూడా చదివించండి. ప్రతి బ్యాచ్‌లో బయటి డీఎన్‌ఏ చేరిందేమో తెలియడానికి మట్టి వేయని ట్యూబు ఒకటి మొదటి నుంచి చివరిదాకా నడపాలి, దాన్నీ సీక్వెన్సింగ్‌కి పంపాలి.