ఎనిమిది నెలలు, ఒకే స్టిక్: 77 ఫ్లెక్స్ కార్బన్ ఐస్ హాకీ స్టిక్ వాడాక

కొత్త స్టిక్ కొన్న మొదటి వారంలో రాసే సమీక్షలను నేను నమ్మను. కొత్త వస్తువు పట్టుకున్న హుషారులో కొట్టిన ప్రతి షాటూ మునుపటి కంటే వేగంగా వెళ్లినట్టే ఉంటుంది. అందుకే ఈసారి ఆగాను. ఎనిమిది నెలల పాటు, వారానికి రెండు రోజుల చొప్పున, దాదాపు డెబ్బై సెషన్లు ఇదే స్టిక్‌తో మంచు మీద గడిపాక రాస్తున్నాను. ఐస్ హాకీలో నేను వింగర్‌ని, అంటే పక్కల నుంచి దాడి చేసే ఆటగాడిని. ఎడమ వైపు కొట్టే స్టిక్ పట్టి కుడి వింగ్‌లో ఆడతాను. నా బరువు 72 కిలోలు. వీటిలో ఏ ఒక్కటి మారినా ఇదే స్టిక్ మీ చేతిలో మరోలా ప్రవర్తిస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

చేత్తో పట్టుకునే పొడవాటి షాఫ్టూ, కింద పక్‌ను (ఆటలో బంతికి బదులు వాడే బిళ్లను) కొట్టే బ్లేడూ కలిసి ఒకే ముక్కగా పోతపోసిన కార్బన్ స్టిక్ ఇది. ఫ్లెక్స్ 77, లై (షాఫ్ట్‌కూ బ్లేడుకూ మధ్య కోణాన్ని చెప్పే సంఖ్య) 5, పొడవు 60 అంగుళాలు, బ్లేడు వంపు పి92 అనే రకం. వంగే చోటు షాఫ్ట్ కింది భాగంలో ఉంటుంది. వచ్చిన రోజే తూకం వేస్తే 418 గ్రాములు తూగింది. తయారీదారు చెప్పిన దానికంటే కాస్త ఎక్కువే. పైన పిడికి, కింద బ్లేడుకు టేపు చుట్టాక 450 దాటింది. పాత స్టిక్ టేపుతో కలిపి 490 ఉండేది. ఆ నలభై గ్రాముల తేడా మొదటి రోజు బాగా తెలిసింది, మూడో వారానికి మరిచిపోయాను. అసలు తేడా బరువులో లేదు, ఫ్లెక్స్‌లో ఉంది.

ఫ్లెక్స్ సంఖ్యకు అర్థం సులభం. షాఫ్ట్‌ను రెండు వైపులా ఆనించి నడుమ నొక్కినప్పుడు అది ఒక అంగుళం వంగడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో అదే ఆ సంఖ్య. 77 అంటే 77 పౌండ్లు, సుమారు 35 కిలోలు. షాట్ కొట్టేటప్పుడు కింది చేత్తో షాఫ్ట్‌ను నొక్కి వంచుతాం, అది విల్లులా తిరిగి నిటారుగా వస్తూ పక్‌ను విసురుతుంది. మన బలానికి షాఫ్ట్ వంగకపోతే ఆ విల్లు లేనట్టే, చేతుల బలంతో తోసినట్టే అవుతుంది. నేను మూడేళ్లు చేసింది సరిగ్గా అదే. పాత స్టిక్ 85 ఫ్లెక్స్. అది పొడవుగా ఉందని రెండు అంగుళాలు కోసేశాను. కోసే కొద్దీ షాఫ్ట్ గట్టిపడుతుందన్న సంగతి తెలిసి కూడా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అలా 85 కాస్తా తొంభై దాటిపోయింది. శరీర బరువును పౌండ్లలో లెక్కగట్టి సగం చేస్తే వచ్చే సంఖ్య దగ్గర మొదలుపెట్టమని ఆటగాళ్లు చెప్పుకునే సూత్రం ఒకటుంది. దాని ప్రకారం నాకు 80 దరిదాపుల్లో ఉండాలి. మూడేళ్లు నాది కాని స్టిక్‌తో ఆడాను.

గట్టి స్టిక్ మంచి స్టిక్ అన్న భ్రమ ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. 2012లో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని ప్రధాన ఐస్ హాకీ లీగ్) ఆల్‌స్టార్ పోటీల్లో డిఫెన్స్ ఆటగాడు జ్డేనో చారా గంటకు 108.8 మైళ్ల వేగంతో స్లాప్ షాట్ (స్టిక్‌ను వెనక్కి ఎత్తి బలంగా కొట్టే షాట్) కొట్టాడు. ఆయన స్టిక్ మామూలు ఆటగాళ్లు వంచలేనంత గట్టిది. ఆయన ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. 63 అంగుళాల పరిమితిని మించిన పొడవైన స్టిక్ వాడేందుకు ఆయనకు ప్రత్యేక అనుమతి ఉండేది. ఆ కొలతలు ఆ శరీరానివి.

మొదటి రెండు వారాలు స్టిక్‌ను కోయకుండానే వాడాను. అప్పుడు బ్లేడు టేపు నాకొక విషయం చెప్పింది. ప్రతి సెషన్ తరువాత బ్లేడు తిరగేసి అడుగు అంచు చూసేవాడిని. మొన దగ్గర టేపు అరిగి దారాలు లేచిపోయి ఉండేది, మడమ (షాఫ్ట్‌ను కలిసే చివర) వైపు మాత్రం కొత్తగా నల్లగా మెరుస్తూ ఉండేది. అంటే స్టిక్ నాకు పొడవు ఎక్కువై, పై చెయ్యి ఎత్తులో ఉండిపోయి, బ్లేడు మడమ మంచు మీది నుంచి లేస్తోందన్నమాట. పాస్‌లు మడమ కింద నుంచి జారిపోవడానికి కారణం అదే. ఒక అంగుళం కోశాను. కోయాల్సిన చోట ముందు టేపు గట్టిగా చుట్టి, సన్నని పళ్ల రంపంతో ఆ టేపు మీదే కోస్తే కార్బన్ పోగులు చీలవు. ఆ నల్లటి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు మాస్కు తప్పకుండా కట్టుకోండి. కోశాక ఫ్లెక్స్ 80 దగ్గరికి వచ్చింది. తరువాతి వారం నుంచి టేపు బ్లేడు పొడవునా సమానంగా అరిగింది. మీ స్టిక్ లై, పొడవు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

ఇక షాట్‌ల సంగతి. అనిపించడం మీద ఆధారపడకూడదని ఒక లెక్క పెట్టుకున్నాను. నెట్ నాలుగు మూలల్లో గుడ్డ ముక్కలు కట్టి, సుమారు ఆరు మీటర్ల నుంచి యాభై రిస్ట్ షాట్‌లు (మణికట్టు విసురుతో పక్‌ను వదిలే షాట్‌లు) కొట్టి, ఎన్ని తగిలాయో నెలకోసారి రాసుకున్నాను. పాత స్టిక్‌తో 14. కొత్తదానితో మొదటి వారం 9! పి92 వంపులో బ్లేడు ముఖం పైకి తెరుచుకుని ఉంటుంది, పక్ ఇట్టే లేస్తుంది. పాత బ్లేడు ముఖం ఇంతగా తెరుచుకునేది కాదు. ఆ అలవాటుతో మణికట్టు తిప్పకుండా వదిలితే పక్ నెట్ మీదుగా వెళ్లి వెనక అద్దానికి తగిలేది. ఆ వారంలోనే తీర్పు చెప్పి ఉంటే ఈ స్టిక్‌ను ఎవరికీ వద్దని రాసేవాడిని. షాట్ చివర బ్లేడు మొన లక్ష్యం వైపు చూపిస్తూ, ముఖాన్ని మూసుకుంటూ వదలడం చేతులకు అలవాటు కావడానికి నెల పట్టింది. నెల తిరిగేసరికి 15, మూడో నెలలో 21, ఐదో నెలలో 22.

ఈ పెరుగుదల స్టిక్ వల్ల వచ్చిందా, నా సాధన వల్ల వచ్చిందా? ఐదో నెలలో పాత స్టిక్ తీసి మళ్లీ యాభై కొట్టాను. 16 తగిలాయి. చేతులు కొత్త వంపుకు అలవాటుపడి ఉండటం పాతదానికి కొంత అన్యాయమే. అది మినహాయించుకున్నా మిగిలిన తేడా చిన్నది కాదు. సంఖ్యల్లోకి రానిది ఇంకొకటుంది. పక్ బ్లేడును ఎంత త్వరగా వదులుతుందన్నది. వంగే చోటు కింద ఉండటంతో, పెద్దగా చేతులు వెనక్కి లాగకుండానే, నడుస్తున్న అడుగులోనే షాట్ వెళ్లిపోతుంది. గోల్ కాపలా కాసే మా గోలీ మూడో నెలలో తనంతట తానే అన్నాడు, "ఎప్పుడు వదులుతున్నావో ఇప్పుడు కనిపించడం లేదు" అని. నా నోట్‌బుక్‌లోని అంకెలన్నిటి కంటే ఆ మాట నాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

స్లాప్ షాట్‌కు మాత్రం ఇది సరైన స్టిక్ కాదు. ఆ షాట్‌లో బ్లేడు ముందుగా పక్ వెనక కొన్ని అంగుళాల దూరంలో మంచును గుద్దుతుంది, ఆ గుద్దుకే షాఫ్ట్ వంగుతుంది. వంగే చోటు నడుమ ఉన్న స్టిక్ ఆ దెబ్బను నిలకడగా మోస్తుంది. ఇది కింద సన్నబడి ఉంటుంది కాబట్టి బలంగా కొడితే బ్లేడు కొద్దిగా మెలితిరిగి, పక్ అనుకున్న దానికి అడుగు పక్కగా పోతుంది. కుడి వింగ్‌లో నిలబడి అవతలి వైపు నుంచి వచ్చిన పాస్‌ను ఆపకుండా కొట్టేటప్పుడు ఈ లోపం నన్ను చాలాసార్లు బాధించింది. నీలి గీత (దాడి చేసే ప్రాంతం మొదలయ్యే గీత) దగ్గర నిలబడి కొట్టే డిఫెన్స్ ఆటగాళ్లు నడుమ వంగే రకమే చూసుకోవాలి.

బ్యాక్‌హ్యాండ్ (బ్లేడు వెనక వైపుతో కొట్టే షాట్) ఈ వంపుతో కష్టం, ఎనిమిది నెలల తరువాత కూడా. వంపు ఎక్కువైతే ముందు వైపు లాభం, వెనక వైపు నష్టం. 1960లలో ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు స్టాన్ మికిటా, బాబీ హల్ అరటిపండులా వంచిన బ్లేడ్లతో ఆడినప్పటి నుంచీ ఈ బేరం ఉన్నదే. పక్ ఎటు పోతుందో గోలీలకే కాదు, కొట్టిన వాళ్లకూ తెలియని పరిస్థితి వచ్చి, ఎన్‌హెచ్‌ఎల్ వంపును 1970లో అరంగుళానికి కట్టడి చేసింది. 2006లో దాన్ని ముప్పావు అంగుళానికి సడలించింది.

షాఫ్ట్ మీది జిగురు పూత గురించి ఒక ఫిర్యాదు. పట్టు కోసం పూసిన ఆ పొర మొదట్లో ఎంత అంటుకునేదంటే, పక్‌ను అటూ ఇటూ ఆడించేటప్పుడు కింది చెయ్యి జారాల్సిన చోట జారేది కాదు. నా ఎడమ గ్లవ్ అరచేయి రెండో నెలకే పలచబడింది. చివరికి కింది చెయ్యి తిరిగే ఆ అడుగున్నర మేర మాత్రం నీటితో తడిపిన సన్నని గరుకు కాగితంతో మెల్లగా రుద్దాను. పూత అణిగింది, చెయ్యి హాయిగా జారింది. పూత లేని రకం దొరికితే అదే తీసుకోండి.

ఇప్పుడు మన్నిక. పక్ అంటే మూడు అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువున్న గట్టి రబ్బరు బిళ్ల. మంచు మీద ఎగరకుండా ఉండేందుకు ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. అది ఒక్కో సెషన్లో వందల సార్లు బ్లేడును కొడుతుంది. బ్లేడు లోపల నురగలాంటి మెత్తని పదార్థం, పైన కార్బన్ పొరలు ఉంటాయి. ఆ పొరలు లోపలి నురగ నుంచి కొద్దికొద్దిగా విడిపోవడం కంటికి కనిపించదు, చెవికి తెలుస్తుంది. కొత్తలో బ్లేడు మడమను మంచు మీద తడితే టంగుమని స్పష్టమైన శబ్దం వచ్చేది. ఐదో నెల వరకూ అలాగే ఉంది. ఆరో నెలలో ఒక రోజు, వరుసలో నిలబడి అలవాటుగా తడితే దబ్బుమని మందంగా వినిపించింది. పక్కవాడి స్టిక్ తీసుకుని తట్టి చూశాను, అది మోగింది. బొటనవేలితో బ్లేడు మొనను పట్టి మెలితిప్పితే మునుపటి కంటే ఎక్కువ తిరిగింది. బ్లేడు నీరసించింది.

ఆ నెల లెక్క 20, ఏడో నెల 17. మెత్తబడిన బ్లేడుకు ఒక సుగుణం ఉంది, గట్టి పాస్‌లు ఎగరకుండా దానికి అతుక్కుంటాయి. కానీ షాట్‌లో పక్ వదిలే క్షణంలో మొన వెనక్కి లొంగుతుంది, గురి పోతుంది. ఇంత నెమ్మదిగా దిగజారేదాన్ని రోజూ వాడే చేతులు పసిగట్టలేవు. లెక్క రాసుకోకపోతే లోపం నాలో ఉందనుకునేవాడిని.

నీళ్లే బ్లేడుకు ప్రధాన శత్రువు. టేపు అరిగిన చోట కింది అంచు చిట్లితే, కరిగిన మంచు ఆ సందులోంచి లోపలికి దిగుతుంది. నేను నాలుగో నెల వరకూ అరిగిన టేపుతోనే రెండు మూడు సెషన్లు లాగించేవాడిని. అది తప్పు. ఇప్పుడు ప్రతి సెషన్ తరువాత పాత టేపు పూర్తిగా ఒలిచి, బ్లేడు తుడిచి, రాత్రంతా ఆరబెట్టి, మర్నాడు కొత్త టేపు చుట్టి మైనం రుద్దుతున్నాను. ఈ పని మొదటి రోజు నుంచీ చేసి ఉంటే బ్లేడు ఇంకొంత కాలం నిలిచేదని నా నమ్మకం.

షాఫ్ట్ మాత్రం ఇప్పటికీ గట్టిగా ఉంది, ఒక్క గాటు తప్ప. ఏడో నెలలో ప్రత్యర్థి స్టిక్ బలంగా తగిలి, బ్లేడుకు జానెడు పైన రంగు లేచిపోయింది. గోరుతో మెల్లగా గీరితే గోరు ఒక చోట చిక్కుకుంది. రంగు మాత్రమే పోతే గోరు జారిపోతుంది. చిక్కుకుందంటే పోగులు తెగాయి. చెక్క స్టిక్ చీలేటప్పుడు ముందుగా చెబుతుంది, కార్బన్ చాలాసార్లు ఏమీ చెప్పకుండా ఒక్కసారిగా రెండు ముక్కలవుతుంది. విరిగిన స్టిక్‌ను వెంటనే కింద పడేయాలి, దాంతో ఆట కొనసాగిస్తే పెనాల్టీ. ఆ గాటు చుట్టూ తెల్ల మార్కరుతో ఒక వలయం గీశాను. ప్రతి సెషన్‌కు ముందు దాన్ని గోరుతో తడిమి చూసుకుంటాను. పగులు వలయం దాటితే ఆ రోజుతో ఆపేస్తాను.

అరవై, డెబ్బై ఐదు కిలోల మధ్య బరువుండి, రిస్ట్ షాట్, స్నాప్ షాట్ (తక్కువ కదలికతో చురుగ్గా కొట్టే షాట్) మీద ఆధారపడే ఫార్వర్డ్‌లకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే ఆరు నెలలు దీని నిండు ఆయుష్షు అనుకుని కొనండి. రోజూ ఆడేవాళ్లకు అంతకూడా రాదు. నేను మళ్లీ అదే 77 ఫ్లెక్స్, అదే వంపు, పూత లేని రకం తీసుకున్నాను. అంగుళం ముందే కోసి, టేపు చుట్టి పెట్టాను. ఈ ఎనిమిది నెలల స్టిక్‌ను సాధనకు ఉంచుకున్నాను. నిన్న రెండింటినీ పక్కపక్కనే మంచు మీద తట్టి చూశాను. కొత్తది టంగుమంది.