ఫ్లోచార్టా, వాక్యాలా? సాఫ్ట్‌వేర్ పేటెంట్‌లో ఏది మేలు?

హన్మకొండ, కాజీపేట వైపు కాలేజీల నుంచి పేటెంట్ పని మీద వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "సార్, అల్గారిథమ్‌కు ఫ్లోచార్ట్ పెడితే సరిపోతుందా, కోడ్ కూడా ఇవ్వాలా?" అమెరికాలోనూ ఫైల్ చేసే ఆలోచన ఉంటే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. క్లెయిమ్‌లో (మీరు దేనికి రక్షణ కోరుతున్నారో చెప్పే వాక్యం) పని మాత్రమే చెప్పి, అది చేసే నిర్మాణం చెప్పకపోతే అమెరికా పేటెంట్ చట్టం సెక్షన్ 112(ఎఫ్) కింద ఆ నిర్మాణం కోసం స్పెసిఫికేషన్‌ను (దరఖాస్తులోని వివరణ భాగం) వెతుకుతారు. క్లెయిమ్‌లో ‘మీన్స్’ (ఫలానా పని చేసే సాధనం) అనే మాట వాడలేదు కదా అంటే కుదరదు. 2015 విలియమ్సన్ వర్సెస్ సిట్రిక్స్ తీర్పులో ‘మాడ్యూల్’కూ అదే గతి పట్టింది. కంప్యూటర్ ఉందంటే చాలదు, 1999 డబ్ల్యూఎంఎస్ గేమింగ్ కేసు నుంచీ అల్గారిథమే నిర్మాణం. అది కనిపించకపోతే క్లెయిమ్ అస్పష్టమని కొట్టేస్తారు.

సూత్రమైనా, వాక్యాలైనా, ఫ్లోచార్టయినా అర్థమైతే చాలని 2008 ఫినిసార్ తీర్పు చెప్పింది. అంటే చట్టం దృష్టిలో అన్నీ సమానమే. నా ఓటు మాత్రం వాక్యాలకే.

ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన మిర్చిని ఫొటో తీసి గ్రేడ్ చెప్పే యాప్ ఉందనుకుందాం. ఫ్లోచార్ట్‌లో మూడు డబ్బాలు: ఫొటో తీసుకో, తాలు శాతం లెక్కించు, గ్రేడ్ చూపించు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మధ్య డబ్బాలో ఉన్నది క్లెయిమ్‌లోని మాటే. దాన్నే వాక్యాల్లో రాయబోతే పెన్ను ఆగుతుంది. ముందు గోనె సంచి రంగును తీసేయాలి. ఒక్కో కాయను అంచుల వెంట విడదీయాలి. కాయలో తెల్లబారిన భాగం ఫలానా హద్దు దాటితే తాలుగా పట్టాలి. తాలు కాయల విస్తీర్ణాన్ని మొత్తం కాయల విస్తీర్ణంతో భాగించాలి. మరి ఒకదాని మీద ఒకటి పడ్డ కాయల సంగతేంటి? డబ్బా గీస్తున్నప్పుడు ఈ ప్రశ్నే రాదు.

వాక్యాల్లోనూ ‘తగిన పద్ధతిలో’, ‘ఏఐ సాయంతో’ అని దాటేస్తే లాభం లేదు. పైగా మీరు రాసిన పద్ధతికీ దానికి సమానమైనవాటికే రక్షణ దొరుకుతుంది కాబట్టి, రంగు హద్దుతో ఒక దారి, ట్రైనింగ్ ఇచ్చిన మోడల్‌తో ఇంకో దారి రెండూ రాయండి. క్లెయిమ్‌లోని ఒకే అంశం చేసే రెండు పనుల్లో ఒకదానికే అల్గారిథమ్ ఇస్తే అసలేమీ ఇవ్వనట్టేనని 2012 నోవా సిస్టమ్స్ కేసులో తేలింది. డేటా తీసుకోవడం, దాచడం లాంటి మామూలు పనులకు ఇంత టెన్షన్ అక్కర్లేదు.

ఫ్లోచార్ట్‌ను వాక్యాలకు తోడుగా, అవే స్టెప్ నంబర్లతో పెట్టుకోండి. కొత్తదనం లెక్కలోనే ఉంటే సూత్రం భేష్, కాకపోతే ప్రతి గుర్తుకూ అర్థం రాయాలి. కోడ్ తప్పనిసరి కాదు. ఉత్త బ్లాక్ డయాగ్రామ్ దండగ.

మన దగ్గర పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(కె) ఉంది, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కూ అల్గారిథమ్‌కూ పేటెంట్ ఇవ్వదు. పైగా అంతా ప్రోగ్రామ్‌తోనే నడుస్తుందని స్పెసిఫికేషన్ చెబుతుంటే మీన్స్ క్లెయిమ్‌లు తిరస్కరించాలని పేటెంట్ ఆఫీసు 2017 మార్గదర్శకాల్లో చెప్పారు. కాబట్టి చెన్నై ఆఫీసుకు వెళ్లే కాపీలో కెమెరా, లైటు, కాయలు పరిచే బల్ల గురించి కూడా రాయాలి.

ప్రొవిజనల్‌లో (ముందుగా వేసే తాత్కాలిక స్పెసిఫికేషన్) మూడు డబ్బాలు పడేసి, వివరాలు పన్నెండు నెలల్లో కంప్లీట్‌లో (పూర్తి స్పెసిఫికేషన్) చూసుకుందాం అనేవాళ్లూ ఉన్నారు. అప్పుడు చేర్చిన వివరానికి కంప్లీట్ వేసిన తేదీయే దక్కుతుంది. ఈలోగా యాప్ ఎలా పనిచేస్తుందో యూట్యూబ్‌లో చూపించేశారా, మీ వీడియోనే మీకు అడ్డం తిరగొచ్చు.