కొత్త మూలకాల వేట: విడివిడిగా పోటీయా, ఒకే బల్ల దగ్గర పనా? ఏది మేలు?

ఆవర్తన పట్టిక చివర ఉన్న బరువైన మూలకాలు గనుల్లో దొరకవు. రెండు కేంద్రకాలను ఢీకొట్టించి పుట్టించాలి. పుట్టేవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని పరమాణువులు, అవీ అంతలోనే మాయం. ‘చూశాం’ అన్న మాటకు రుజువేమిటన్నదే అసలు పేచీ.

సోవియట్ దుబ్నా, అమెరికా బర్క్‌లీ ప్రయోగశాలలు దీనికి చెరొక జవాబు ఎంచుకున్నాయి. 1964లో దుబ్నా 104వ మూలకాన్ని (కేంద్రకంలో 104 ప్రోటాన్లు ఉన్నదాన్ని) ప్రకటించింది. ఆధారం: కేంద్రకం తనంతట తాను రెండుగా చీలడం. బర్క్‌లీ ఒప్పుకోలేదు. చీలిన ముక్కలను చూసి తల్లి ఎవరో ఎలా చెబుతారు? ఆల్ఫా కణం (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్ద) బయటికి పోయాక మిగిలిన బిడ్డ కేంద్రకం ముందే తెలిసినదైతేనే వంశం తేలుతుందన్నది వారి వాదన. 1969లో ఆ దారినే తమ 104ను చూపారు. కుర్చాతోవియం, రూథర్‌ఫోర్డియం అంటూ ఒకే గడికి రెండు పేర్లు. తగవు తీరి రూథర్‌ఫోర్డియం ఖాయమయ్యేసరికి 1997 వచ్చింది.

అన్నేళ్లు పోయాయన్న బాధ నాకుంది. అయినా మొహమాటం లేని ఆ నిలదీతే రుజువుకు గట్టి కొలత తెచ్చిపెట్టింది.

కలిసి పనిచేసే రెండో దారికి 117వ మూలకం సాక్షి. దానికి కావలసిన బెర్కెలియం అనే రేడియోధార్మిక మూలకం అమెరికాలోని ఓక్ రిడ్జ్ రియాక్టర్‌లో తయారైంది. మొత్తం 22 మిల్లీగ్రాములు. ఏడాది తిరక్కముందే అందులో సగం తరిగిపోతుంది. అంత తొందరలోనూ కాగితాలు సరిగా లేవని రష్యా కస్టమ్స్ రెండుసార్లు తిప్పి పంపడంతో ఆ పొట్లం అట్లాంటిక్‌ను ఐదుసార్లు దాటింది! దుబ్నాలో దాన్ని కాల్షియం పుంజంతో నెలల తరబడి కొడితే దక్కినవి ఆరు పరమాణువులు. 2010లో ప్రకటించారు. ఆ పదార్థం ఒకరి దగ్గర, ఆ యంత్రం మరొకరి దగ్గర. విడిగా ఎవరివల్లా అయ్యేది కాదు.

అందుకే నా ఓటు కలిసి పుట్టించడానికే. సరిచూడడం మాత్రం వేరే చేతుల్లో ఉండాలి. 114ను 2009లో బర్క్‌లీ, 117ను 2014లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ అలా మళ్లీ చేసి చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

2022లో ఉక్రెయిన్‌పై దాడి తర్వాత ఆ బల్ల చెదిరిపోయింది. ఇప్పుడు 120 కోసం బర్క్‌లీ టైటానియం పుంజంతో, దుబ్నా క్రోమియం పుంజంతో మళ్లీ ఎవరి దారిన వారు వెళ్తున్నారు.