మ్యాపు సరే, దిక్సూచి ఉందా? రెండు జీపీఎస్‌లు వాడి చూశాక

జియోకాషింగ్‌కి, అంటే ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్‌తో వెతికే ఆటకి, జీపీఎస్ యంత్రం కొందామనుకునేవాళ్లు ముందడిగేది ఒకటే: మ్యాపున్నది తీసుకోవాలా, లేనిది చాలా? నా దగ్గర రెండూ ఉన్నాయి. మొదట కొన్నది గార్మిన్ ఇ-ట్రెక్స్ 10. పసుపుపచ్చది, నలుపు తెలుపు తెర. తర్వాతది ఇ-ట్రెక్స్ 32ఎక్స్. రంగుల తెర, మ్యాపు, మెమరీ కార్డు పెట్టుకునే చోటు, ధర రెండింతలకు పైనే. అనంతపురం, కడప గుట్టల్లో ఏళ్ల తరబడి రెండిటినీ తిప్పాను. డబ్బా దాకా వచ్చాక మ్యాపు చూసింది దాదాపు లేదు. తేడా అంతా దిక్సూచి దగ్గరే తెలిసింది.

ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. ఒకరు డబ్బా దాచి అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. మనం వెతికి పట్టుకుని, అందులో ఉన్న చీటీలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి రావాలి. పౌరులకు వచ్చే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలనే కలిపిన తప్పును అమెరికా 2000 మే నెల మొదట్లో తీసేసింది. అంతకుముందు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ వెంటనే, మే 3న, ఆరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచి ఆట మొదలుపెట్టాడు. మన వైపు దాచినవి తక్కువ కాబట్టి స్నేహితులం మాలో మేమే దాచుకుని వెతుక్కుంటుంటాం.

మ్యాపు ఉంటే చోటు ఇంకా కచ్చితంగా చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. అదేం లేదు. రెండూ అమెరికా జీపీఎస్, రష్యా గ్లొనాస్ ఉపగ్రహాలనే అందుకుంటాయి. ఈ ఆటలో అంకెలు డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతు దాకా రాస్తారు. అక్షాంశంలో ఆ ఆఖరి అంకె ఒకటి మారితే నేలమీద సుమారు 1.85 మీటర్లు. తాడిపత్రికి ఉత్తరంగా సరిగ్గా 15 డిగ్రీల అక్షాంశం, 78 డిగ్రీల రేఖాంశం కలిసే చోటుంది. అన్నీ సున్నాలు తెప్పిద్దామని చూస్తే ఆ ఆఖరి అంకె కుదురుగా నిలవదు, ఒకటీ రెండూ అటూ ఇటూ ఆడుతూనే ఉంటుంది. ఖరీదైనదాంట్లోనూ అంతే. బండల సందులో, లోయ అంచున సిగ్నల్ రాళ్లకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి రెండూ సమానంగా తప్పుతాయి.

ఇక దిక్సూచి. ఇ-ట్రెక్స్ 10లో ఎలక్ట్రానిక్ దిక్సూచి లేదు. మనం నడుస్తుంటే, ఏ వైపు కదులుతున్నామో లెక్కగట్టి బాణం చూపిస్తుంది. నిలబడితే దానికి దిక్కు తెలియదు. కంపచెట్ల మధ్య 'ఇంక ఆరు మీటర్లు' అని చూసి ఆగామా, బాణం తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. సరిగ్గా వంగి వెతకాల్సిన చోటే ఇలా అవుతుంది. అందుకని దానితో ఒక పద్ధతి పాటిస్తాను. ఇరవై అడుగులు వెనక్కి పోయి తిన్నగా నడుస్తూ వస్తాను, బాణం చూపించిన వరసలో ఒక రాయినో పొదనో గుర్తు పెట్టుకుంటాను. తర్వాత పక్కనుంచి ఇంకోసారి నడిచొస్తాను. రెండు వరసలూ ఎక్కడ కలిస్తే అక్కడ వెతకడమే. పని జరుగుతుంది, కానీ చుట్టూ కంప ఉంటే ఆ వెనక్కీ ముందుకీ నడకలో ప్యాంటు చిరుగుతుంది.

32ఎక్స్‌లో మూడు అక్షాల దిక్సూచి ఉంది. నిలబడి, ఎలా పట్టుకున్నా బాణం నిలకడగా ఉంటుంది. బ్యాటరీలు మార్చినప్పుడల్లా దాన్ని మూడు వైపులా తిప్పి సరిచేసుకోవాలి. బైకు ట్యాంకు మీద పెట్టి చూస్తే మాత్రం తప్పే చెప్తుంది, ఇనుము కదా. ఇక్కడొక మెలిక ఉంది. అదే వరసలో 22ఎక్స్ అని ఇంకోటుంది. మ్యాపు ఉంది, దిక్సూచి లేదు. నన్నడిగితే అది మాత్రం వద్దు.

మ్యాపు పనికిరాదని కాదు. అది పనికొచ్చేది డబ్బా దగ్గర కాదు, దారిలో. గండికోటలో లోయ అంచున నిలబడి పెన్న అవతలి ఒడ్డున ఉన్న బిందువు పెట్టుకోండి. మ్యాపు లేని మామూలుది 'మూడొందల యాభై మీటర్లు, నేరుగా' అంటుంది. మధ్యలో లోయ ఉందని దానికేం తెలుసు? అవతలికి చేరాలంటే బండెక్కి చాలా దూరం చుట్టి రావాలి. మ్యాపున్నదాంట్లో నది ఏ వైపుందో, బండిబాట ఎక్కడ ఆగిపోతుందో, చెరువుకట్ట మీదుగా పోవచ్చో లేదో ముందే కనబడుతుంది. జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారుచేసిన ఉచిత మ్యాపు ఫైళ్లు దొరుకుతాయి, కార్డులో వేసుకోవచ్చు. పల్లెల్లోని బాటలు కొన్నిచోట్ల బాగా గీశారు, కొన్నిచోట్ల ఖాళీనే. అయితే ఈ పని జేబులో ఫోను కూడా చేస్తుంది. రోడ్డు దాకా ఫోను, అక్కణ్నుంచి మామూలు జీపీఎస్ అనుకుంటే మ్యాపు కోసం అదనంగా పెట్టక్కర్లేదు. అహోబిలం వైపు అడవి బాటల్లో, ఫోను సిగ్నల్ లేనిచోట, నా చేతిలో ఉండేది 32ఎక్సే.

మన సీమలో ఇంకో సంగతుంది, గుప్తనిధులు. పాత గుళ్ల దగ్గర, కోటల దగ్గర రాత్రిపూట తవ్వేవాళ్ల వార్తలు వింటూనే ఉంటాం. చేతిలో పసుపుపచ్చ యంత్రం పట్టుకుని బండల చుట్టూ తిరిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. గుత్తి దగ్గర ఒక గొర్రెల కాపరి నిలదీశాడు: "ఏం సామీ, ఏం ఎతుకుతాండారు? నిధా?" ఆ రోజు చేతిలో మ్యాపున్నది ఉంది. తెర మీద వాళ్ల ఊరు, చెరువు చూపించా. "ఇది మా చెరువే గదా!" అని నవ్వి, వంక దాటే దారి కూడా చెప్పాడు. బాణం ఒక్కటే చూపించే దానితో ఇలా నమ్మించడం కష్టం. రక్షిత కట్టడాల లోపల డబ్బాలు దాచకండి, ఎక్కడా తవ్వి పూడ్చకండి. ఆట నియమం కూడా అదే.

ఎండలో రెండు తెరలూ వెలుతురు వేయకుండానే చదవచ్చు. మే నెలలో ఫోను కాగిపోయి తెర మసకబారే వేళకి ఇవి మామూలుగానే ఉంటాయి. ఇంకా స్పష్టంగా కనబడేది నలుపు తెలుపుదే. రెండిటికీ రెండేసి పెన్సిల్ బ్యాటరీలు వేయాలి, 32ఎక్స్‌కి 25 గంటలని రాశారు. మ్యాపున్నదాన్ని తెర వెలుగుతో వాడితే అన్ని గంటలు ఆశించకండి. రీఛార్జి సెల్స్ వేస్తే సెట్టింగుల్లో బ్యాటరీ రకం మార్చండి, లేకపోతే మిగిలిన ఛార్జి తప్పు చూపిస్తుంది. కేబులు పాత మినీ యూఎస్‌బీ, ఫోను కేబులు పట్టదు. డబ్బాల వివరాలు నేరుగా యంత్రంలోకి ఎక్కించే జీపీఎక్స్ ఫైలు దించుకోవాలంటే జియోకాషింగ్ సైట్లో డబ్బు కట్టే సభ్యత్వం ఉండాలి. ఫైలు లేకపోతే ఆ చిన్న పుల్లలాంటి మీటతో ఒక్కో అంకే కొట్టుకోవాలి, దానికి ఓపిక కావాలి.

ఆట నచ్చుతుందో లేదో తేల్చుకోవాలంటే మామూలుది సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోండి. నెలకో రెండుసార్లు గుట్టలెక్కే అలవాటుంటే దిక్సూచి ఉన్నదాని కోసం డబ్బు కూడబెట్టండి, మ్యాపు ఎలాగూ దాంతోనే వస్తుంది. విదేశాల్లోని చుట్టాలతో తెప్పించుకునేవాళ్లు మాత్రం పెట్టె మీద ఏం రాసుందో చూసుకోవాలి. ఇ-ట్రెక్స్ 10, 32ఎక్స్ ఉపగ్రహాల నుంచి సిగ్నల్ అందుకుంటాయి అంతే. ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ రకాన్ని మన దేశంలో అనుమతి లేకుండా వాడకూడదు, విమానాశ్రయంలోనే ఆపేయొచ్చు.