వికీ ఖాతా: కావాల్సిన పేరు ముందే ఇంకెవరో తీసుకుని ఉంటే

వికీపీడియాకూ, దాని సోదర నిఘంటువైన విక్షనరీకీ ఒకే ఖాతా చాలు. పేరు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు, ఈ సౌకర్యం నిజంగా మెచ్చుకోదగ్గది. చిక్కల్లా పాత ఖాతాలతోనే. ఎన్నేళ్లు వాడకపోయినా వాటిని తొలగించరు. ఒక్క దిద్దుబాటూ లేని పేరు కూడా ఇంకొకరికి దొరక్కుండా అలా పడి ఉంటుంది.

అలాంటిది కావాలంటే ముందు వేరే పేరుతో చేరి, కొన్నాళ్లు పనిచేసి, మెటావికీలో (అన్ని వికీల ఉమ్మడి పనులు చూసే వికీ) స్టీవార్డులను, అంటే అన్ని వికీల మీదా అధికారాలున్న నిర్వాహకులను, అడగాలి. పాత ఖాతాదారుకు కబురు పెట్టి దాదాపు నెల ఆగుతారు. ఆలస్యమే, కానీ న్యాయం. ఆ ఖాతాలో చెప్పుకోదగ్గ దిద్దుబాట్లుంటే మాత్రం ఇవ్వరు, ఆ రాతలెవరివో చెప్పేది ఆ పేరే కదా!

పేరు మారాక మన దిద్దుబాట్లన్నీ కొత్త పేరు కిందికి వస్తాయి, చర్చాపేజీల్లో పాత సంతకాలు మాత్రం అలాగే ఉంటాయి. చేరేటప్పుడే ఈమెయిలు ఇవ్వండి. అది లేకుండా పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతా చేజారినట్టే.