ఇంజన్ ఆయిల్ లీకును ఇంట్లోనే పట్టుకోవడం: యూవీ డై, యూవీ లైటు, చిన్న టార్క్ రెంచ్‌లపై దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

ఇంజన్ ఆయిల్ లీకులను వెతకడానికి అమ్మే యూవీ డైని (ఆయిల్‌లో కలిపితే యూవీ, అంటే అతినీలలోహిత, కాంతి పడినప్పుడు మెరిసే రంగు), దానితో పాటు వాడవలసిన యూవీ టార్చిలైటును నేను ఐదారేళ్లుగా వాడుతున్నాను. మా ఇంట్లో ఉన్నది 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు; పదేళ్లు దాటిన బండి కావడంతో, దానికి తోడు విజయవాడ ఎండల్లోనే తిరగవలసి రావడంతో, ఇంజనులో రబ్బరుతో చేసిన భాగాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి గట్టిపడుతూ వచ్చాయి. టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు వాషరు దగ్గర వచ్చిన లీకులను ఇంటి ముందే కనిపెట్టి, అక్కడే సరిచేసుకున్నాను. క్రాంక్ షాఫ్ట్ వెనక సీలు విషయంలో కనిపెట్టడం వరకే నా పని అయింది, బాగుచేయడం గ్యారేజీ చూసుకుంది. లీకును ఆపడం కన్నా అది ఎక్కడ మొదలైందో నిర్ధారించడమే కష్టమనీ, ఆ నిర్ధారణకు ఈ డై కన్నా నమ్మదగిన వస్తువు ఇంటి వాడకందారుకు దొరకదనీ నా అనుభవం.

కష్టం ఎక్కడుందంటే, ఆయిల్ కారిన చోట నిలవదు. టాపెట్ కవర్ అంచు నుంచి బయటపడిన ఆయిల్ హెడ్ అనే పై భాగం మీదుగా, దాని కింది బ్లాకు మీదుగా జారి, బండి నడుస్తున్నప్పుడు గాలి తోపుకు వెనక్కి కూడా మళ్లి, చివరికి ఇంజన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్ అడుగున బొట్టుగా వేలాడుతుంది. కింద నుంచి చూసినవారికి చాంబరే తడిగా కనిపిస్తుంది కనుక ముందుగా చాంబర్ ప్యాకింగ్ మార్చేస్తారు. లీకు మాత్రం అలాగే ఉంటుంది. కింద పడిన బొట్టు ఇంజన్ నుంచి ఆయిల్ పోతోందని మాత్రమే చెబుతుంది, ఎక్కడి నుంచో చెప్పదు.

డై పోయడానికి ముందు, కారుతున్నది ఇంజన్ ఆయిలేనా అన్నది తేల్చుకోవాలి. రాత్రి బండి కింద శుభ్రమైన అట్టముక్క పరిస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. ముందు సీటు కిందికి వచ్చే చోట రంగూ వాసనా లేని నీరు పడితే అది ఏసీ నీరు, దాని గురించి ఆలోచించనక్కరలేదు. ఆకుపచ్చగానో గులాబీ రంగుగానో ఉండి, వేళ్లకు జారుడుగా తగిలి, కొంచెం తీపి వాసన వేస్తే అది కూలెంట్. దానిలోని ఇథిలీన్ గ్లైకాల్ విషం కాబట్టి, పిల్లలో కుక్కలో దాని దగ్గరికి వెళ్లకముందే కడిగేయాలి. చక్రం లోపలి వైపున పలుచగా, లేత పసుపు రంగులో కారితే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అలాంటప్పుడు బండి తీయకూడదు. గోధుమ రంగు నుంచి నలుపు వరకు ఉండి, అట్ట మీద అంచులు పరుచుకుంటూ ఇంకే మరకే ఇంజన్ ఆయిల్.

ఈ పద్ధతి ఫలించడానికి కీలకం డైలో కాదు, శుభ్రం చేయడంలో ఉంది. పాత జిడ్డు మీద డై పోస్తే అంతా ఒకే మెరుపుగా కనిపించి ఏమీ తెలియదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఆల్టర్నేటర్‌నూ, ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టర్లనూ పాలిథిన్ సంచులతో కట్టి, డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రావణం) చల్లి, పాత బ్రష్షుతో పైనుంచి కిందికి రుద్ది, గుడ్డతో తుడుస్తాను. ప్రెషర్ వాషర్‌తో కడగడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ నీటి ధార కనెక్టర్లలోకి వెళితే లేని సమస్యలు మొదలవుతాయి. ఈ పనికి ఒక పూట పడుతుంది, దాన్ని తగ్గించుకునే దారి లేదు.

డైని సీసా మీద రాసిన కొలత ప్రకారం, కొంచెం కొత్త ఇంజన్ ఆయిల్‌లో కలిపి, గరాటుతో ఆయిల్ మూత దగ్గర పోయాలి. ఒక్క చుక్క బయట పడినా రాత్రి లైటు వేసినప్పుడు అదే లీకులా మెరుస్తుంది కాబట్టి పోసిన వెంటనే అక్కడ తుడిచేయడం తప్పనిసరి. పెద్ద లీకయితే ఇంజన్‌ను పావుగంట నడిపితే చాలు. సన్నగా చెమరించే లీకయితే కొన్నాళ్లు మామూలుగా బండి తిప్పాక చూడాలి. చీకట్లో పసుపు కళ్లద్దాలు పెట్టుకుని, యూవీ లైటు వేసి పైనుంచి కిందికి చూస్తూ వస్తే, నల్లటి ఇంజన్ మీద పసుపు కలిసిన ఆకుపచ్చ గీత ఒకటి స్పష్టంగా వెలుగుతుంది. ఆ గీత కొన ఎంత పైకి వెళ్లిందో లీకు మొదలు అక్కడే. మా బండిలో ఆ కొన టాపెట్ కవర్‌కు వెనక మూలన, పగటి వెలుతురులో ఎంత వంగి చూసినా కంటికి ఆనని చోట తేలింది.

లైటు విషయంలో రాజీ పడవద్దని గట్టిగా చెబుతాను. డైతో పాటు వచ్చే చవక లైట్లు ఎక్కువగా 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరివి. వాటి ఊదా వెలుగు కంటికే కనబడుతూ, మసక మెరుపును మింగేస్తుంది. 365 నానోమీటర్ల లైటు కొన్నాక, అంతకుముందు అనుమానంగా కనిపించినవన్నీ అవునో కాదో తేలిపోయాయి. ఒక జాగ్రత్త: చాలా ఆకుపచ్చ కూలెంట్లలో తయారీలోనే మెరిసే రంగు కలిపి ఉంటుంది కాబట్టి, రేడియేటర్ పైపుల దగ్గర కనిపించే మెరుపునంతా ఇంజన్ ఆయిల్ అనుకోకూడదు. ఈ లైటును కళ్లలోకి కొట్టకూడదు.

మరమ్మతులో నేను ఎక్కువగా చెప్పవలసింది టాపెట్ కవర్ గురించే, ఎందుకంటే ఇంటి దగ్గర చేయదగిన లీకు పనుల్లో ఇదే ముఖ్యమైనది. కాయిల్స్ తీసి, బోల్టులు విప్పి, కవర్‌ను లేపితే పాత ప్యాకింగ్ గట్టి ప్లాస్టిక్ పట్టీలా విరిగి వచ్చింది. రబ్బరు సాగే గుణం కోల్పోయిందనడానికి అంతకన్నా నిదర్శనం అక్కరలేదు. స్పార్క్ ప్లగ్గుల గుంటల చుట్టూ ఉండే సీళ్లను కూడా అదే విడతలో మార్చాలి. అవి వదిలితే ఆయిల్ గుంటల్లోకి దిగి ఇంజన్ మిస్సవడం మొదలవుతుంది. హెడ్ మీది గాడిని ప్లాస్టిక్ పనిముట్టుతోనే గీకాలి, ఇనుప బ్లేడుతో అల్యూమినియం మీద గీటు పడితే అదే కొత్త లీకుకు దారి అవుతుంది. టైమింగ్ కవర్, హెడ్ కలిసే సందుల దగ్గర మాత్రం కొంచెం సిలికాన్ సీలెంట్ పెట్టాలి. ఆటోనగర్‌లో దీన్ని అనబాండ్ అనే అడుగుతారు. ప్యాకింగ్ చుట్టూ దట్టంగా పూయడం మేలు అనుకునేవారు ఉన్నారు కానీ, అలా పూసినది లోపలికి పిసుకుడు పడి, ముక్కలుగా ఊడి, ఆయిల్ పంపు జాలీ దాకా చేరే ప్రమాదం ఉంది. సీలెంట్ పూర్తిగా ఆరడానికి ఒక రోజంతా బండిని కదపకుండా ఉంచాను.

బోల్టులను బిగించే దగ్గరే, పెట్టిన బిగువు రాగానే క్లిక్కుమనే చిన్న టార్క్ రెంచ్ అవసరం వస్తుంది. ఈ కవర్లకు వాడే చిన్న బోల్టులకు సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, కచ్చితమైన అంకె బండి సర్వీసు మాన్యువల్‌లో చూసుకోవాలి. మధ్య బోల్టు నుంచి మొదలుపెట్టి బయటికి, రెండు విడతలుగా బిగించాలి. లీకు ఆగాలని ఎక్కువ బిగిస్తే ప్యాకింగ్ నలిగిపోవడమో, ప్లాస్టిక్ కవర్ పగలడమో, అల్యూమినియం హెడ్‌లో బోల్టు పట్టే మరలు చెడిపోవడమో జరుగుతుంది. చక్రాల నట్లకు వాడే పెద్ద టార్క్ రెంచ్ ఇంత తక్కువ బిగువు దగ్గర నమ్మకంగా పనిచేయదు కాబట్టి, 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య పనిచేసే చిన్నదాన్ని విడిగా కొన్నాను. పని అయ్యాక దాని స్ప్రింగును కనిష్ఠ అంకెకు వదులు చేసి పెడుతూ వచ్చాను, ఇప్పటికీ క్లిక్కు సరిగ్గానే ఇస్తోంది.

ప్యాకింగ్ మార్చేముందు పీసీవీ వాల్వును చూడకపోతే ఈ శ్రమంతా కొన్నాళ్లకే వృథా అవుతుంది. క్రాంక్ కేసులో చేరే వాయువులు బయటికి పోయే దారి అది. మసి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్‌ను బలహీనమైన సీళ్ల గుండా బయటికి తోస్తుంది. వాల్వును తీసి చెవి దగ్గర ఊపినప్పుడు లోపలి ముక్క గలగలమనాలి. మా బండిలోది ఏ చప్పుడూ చేయలేదు. కొత్తది చవకే.

ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు పనులు చిన్నవి. స్విచ్ కనెక్టర్‌ను లాగి చూస్తే లోపల ఆయిల్ ఉంటే స్విచ్ పోయినట్లే. డ్రెయిన్ బోల్టుకు ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్త వాషరు వేయాలి. అయితే ఇవి బండి కిందికి దూరి చేసే పనులు. జాకీని నమ్మి ఎవరూ కిందికి వెళ్లకూడదు. చదునైన గట్టి నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, రెండు స్టాండ్ల మీద బరువు నిలిపిన తర్వాతే వెళ్లాలి.

డైకి పరిమితులు ఉన్నాయి. సిలిండర్లో కాలిపోతున్న ఆయిల్‌ను గానీ, హెడ్ గ్యాస్కెట్ గుండా కూలెంట్‌లో కలుస్తున్న ఆయిల్‌ను గానీ అది బయట చూపలేదు. బొట్టు పడకుండానే డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గుతూ, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే దీన్ని కొనడం దండగ. లీకును ఆపుతామని చెప్పే మందుల జోలికి నేను పోలేదు; అవి ముడుచుకున్న రబ్బరును కొంత ఉబ్బించగలవే తప్ప విరిగిన ప్యాకింగును అతికించలేవు. ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడి పొగ వస్తుంటే మాత్రం డై పరీక్షలు పక్కన పెట్టి, ఆ లీకు ఆగేదాకా బండి తీయకూడదు, అక్కడ మంట రేగే అవకాశం ఉంది.

వెనక సీలు లీకైనప్పుడు ఇంజన్ పైభాగమంతా పొడిగా ఉండి, గేర్‌బాక్సు ఇంజనుకు అతుక్కునే చోట అడుగున మాత్రమే మెరుపు కనిపించింది. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి, అది ఇంటి ముందు చేసే పని కాదు. మేస్త్రీకి చీకటి షెడ్డులో లైటు వేసి చూపించగానే, చాంబర్ ప్యాకింగ్, టాపెట్ కవర్ అంటూ వెతకడం లేకుండా ఆయన నేరుగా గేర్‌బాక్సు దించారు, దించాం కదా అని క్లచ్ ప్లేటును కూడా చూసి, అరిగిపోయి ఉండటంతో అప్పుడే మార్చారు. ఆ పని తర్వాత డై కలిసిన ఆయిల్‌ను పూర్తిగా మార్పించి, గేర్‌బాక్సు అడుగును తుడిచి, మరోసారి కొత్త డై పోసి చూశాను. సీలు దగ్గర ఇప్పటి వరకు మెరుపు రాలేదు.